వీలునామా సరిగ్గా రాయడం ఎలా? ఆస్తుల జాబితా నుంచి మ్యుటేషన్ దాకా

"వీలునామా రాయాలండీ, ఎంత స్టాంపు పేపరు కొనాలి?" విజయవాడలో అయినా గుంటూరులో అయినా ఈ విషయం ఎత్తినవాళ్లు ముందు అడిగేది ఇదే. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా చట్టప్రకారం తప్పనిసరి కాదు.

అసలు ఆలోచించాల్సింది వేరే ఉంది. వీలునామా తెరిచి చదివే రోజుకి రాసిన మనిషి ఉండరు. "నా ఉద్దేశం అది కాదు" అని చెప్పడానికి రాలేరు. ఆ రోజు ఆ కాగితం తరఫున నిలబడేవి రెండే: అందులో రాసిన ఆస్తి వివరాలు, దాని మీద సంతకం పెట్టిన సాక్షులు. కింది మెట్లన్నీ ఈ రెండింటినీ గట్టి చేసుకోవడానికే. వరస మార్చకండి. ముఖ్యంగా మొదటి మెట్టు దాటేసి నేరుగా రాయడానికి కూర్చోవద్దు.

18 ఏళ్లు నిండి, తాను ఏం చేస్తున్నదీ తెలిసిన ఎవరైనా వీలునామా రాయవచ్చు. వయసు మీద పడిందనో, జబ్బు చేసిందనో అనర్హులు కారు.

1. ముందు మీ పేరున ఏముందో తేల్చుకోండి

చాలా వీలునామాలు కోర్టుకెక్కడానికి కారణం మనసులో ఉన్న ఆస్తికీ, కాగితం మీద ఉన్న ఆస్తికీ పొంతన లేకపోవడం. ఒక నోటుబుక్కు తీసుకుని ఇవి రాసుకోండి:

- పొలాలు: గ్రామం, సర్వే నంబరు, ఎకరాలు సెంట్లు, పట్టాదారు పాస్‌బుక్ ఖాతా నంబరు, తాజా అడంగల్, 1బి (పొలం ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డులు)
- ఇళ్లు, ఫ్లాట్లు, స్థలాలు: దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం)
- బ్యాంకు ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, లాకరు, పోస్టాఫీసు, ఎల్‌ఐసీ, పీఎఫ్, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు
- బంగారం: ఏ వస్తువు, సుమారు ఎంత బరువు, ఎక్కడుంది
- మీకు రావాల్సినవి: ప్రోనోట్లు, చిట్టీలు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి బస్తాల బాండ్లు
- మీరు కట్టాల్సినవి: ఇంటి లోను, పంట రుణం, చేబదుళ్లు

ప్రోనోట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అడిగినప్పుడు ఇస్తామని రాసిన నోటుకు మామూలుగా రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. మధ్యలో కొంత జమ చేసి నోటు వెనక రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. అందుకని జాబితాలో ఎవరు, ఎంత అన్నది మాత్రమే కాదు, తేదీ కూడా ఉండాలి. తండ్రి పోయాక బీరువాలో నోట్లు దొరికి, తీరా చూస్తే గడువు దాటిపోయి ఉండటం మన ప్రాంతంలో కొత్త కాదు.

పొలాల విషయంలో రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. వీలునామాలో పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయండి. తుళ్లూరు, మందడం వైపు 2015లో రాజధానికి భూమి పూలింగుకు ఇచ్చినవారు మరింత జాగ్రత్తపడాలి. పూలింగుకు ముందు "ఫలానా సర్వే నంబరులో రెండెకరాలు పెద్దవాడికి" అని రాసి ఉంటే, ఇప్పుడు ఆ పొలం మీ చేతిలో లేదు. దాని బదులు వచ్చిన రిటర్నబుల్ ప్లాట్లు ఉన్నాయి. పాత వీలునామా వాటికి వర్తిస్తుందా లేదా అని మీ పిల్లలు వాదించుకునే పరిస్థితి తేవద్దు. ప్లాటు వివరాలతో కొత్తది రాయండి.

పసుపు కుంకుమ కింద కూతురికి నోటిమాటగా ఇచ్చిన పొలం కూడా ఈ జాబితాలోకే వస్తుంది. ఆమె ఏళ్ల తరబడి కౌలు తీసుకుంటున్నా, రిజిస్టరు కాకపోతే రికార్డులో అది ఇంకా మీదే. బతికుండగానే దస్తావేజు రాసివ్వండి, లేదా వీలునామాలో పేరు పెట్టి ఆమెకు రాయండి.

2. దేని మీద మీకు హక్కు ఉంది?

స్వార్జితం మీద మీకు పూర్తి హక్కు ఉంది. హిందువులైతే ఎవరికైనా రాయవచ్చు, ఎవరికీ ఇవ్వకపోనూ వచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం మీ వాటా వరకే రాయగలరు. మొత్తం రాసేస్తే మీ వాటా వరకు చెల్లి, మిగతాది వివాదం అవుతుంది.

"నాన్న దగ్గర్నుంచి వచ్చింది కాబట్టి పిత్రార్జితమే" అనుకోవడం పొరపాటు. తండ్రి స్వయంగా సంపాదించిన ఆస్తి, ఆయన వీలునామా రాయకుండా పోయాక 1956 హిందూ వారసత్వ చట్టం కింద కొడుక్కి వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తే. సుప్రీంకోర్టు 1986లో ఈ మాట చెప్పింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి, పంపకాల్లో వచ్చిన వాటా వేరే లెక్క. మీదేదో తెలియకపోతే లింకు దస్తావేజులన్నీ (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) పట్టుకుని వకీలును ఒక్కసారి కలవండి. ఈ ప్రక్రియ మొత్తంలో ఫీజు పెట్టి సలహా తీసుకోవాల్సిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లను మరవకండి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు రాష్ట్ర సవరణే సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఈ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదన్న మాట చట్టం ముందు నిలవదు.

ముస్లింలకు నియమం వేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇస్తే వారసుల ఒప్పుదల కావాలి. వారసుల్లోనే ఒకరికి రాస్తే సున్నీలలో మిగతావారు, అదీ ఆ వ్యక్తి మరణించాక, ఒప్పుకోవాలి. క్రైస్తవులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే పాతది రద్దవుతుంది. మళ్లీ రాయాలి.

డీకేటీ పట్టా, అసైన్డ్ భూములకు, అంటే ప్రభుత్వం కేటాయించిన భూములకు, బదిలీ ఆంక్షలు ఉన్నాయి. వాటిని మామూలు పట్టా భూమిలా వీలునామాలో కలిపేయకుండా ముందు తహసీల్దారు ఆఫీసులో వాటి స్థితి తెలుసుకోండి.

3. రాయకపోతే ఎవరికి వెళ్తుంది?

హిందూ పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి, వీరందరికీ తలా ఒక సమాన వాటా. తల్లికి వాటా ఉందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

పిల్లలు లేని స్త్రీలు దీన్ని శ్రద్ధగా చదవాలి. భర్త లేని, సంతానం లేని హిందూ స్త్రీ తన జీతంతో కొన్న ఫ్లాటు కూడా, వీలునామా లేకపోతే భర్త తరఫు వారసులకు వెళ్తుంది. కన్న తల్లిదండ్రులు బతికి ఉన్నా వారి వంతు తర్వాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రమే తండ్రి వారసులకు చేరుతుంది. ఈ పరిస్థితిలో ఉన్నవారు వీలునామాను వాయిదా వేయవద్దు.

4. ఎవరికి, ఏ షరతులతో?

మన వీలునామాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: "నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను." ఉద్దేశం మంచిదే. కానీ ఎక్కువ తగాదాలు తెచ్చిన వాక్యం కూడా ఇదే.

కారణం హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14. మన ఆంధ్ర నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, భార్యకు భరణం హక్కు కింద ఇచ్చిన ఆస్తి షరతులున్నా ఆమె సంపూర్ణ హక్కుగా మారుతుందని చెప్పింది. ఆ తర్వాతి తీర్పుల్లో కొన్ని ఒకలా, కొన్ని మరోలా వచ్చాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపాలని నిర్ణయించింది. అంటే మీరు రాసిన "జీవితాంతం" మాటను మీ భార్య సంపూర్ణ హక్కుగా అర్థం చేసుకోవచ్చు, పిల్లలు తాత్కాలిక హక్కు అనవచ్చు. ఇద్దరికీ చేతిలో తీర్పులు ఉంటాయి.

నా సలహా: వీలైతే భార్యకు కొంత ఆస్తి పూర్తి హక్కులతో, అమ్ముకునే అధికారంతో రాయండి. ఉండే ఇల్లు అయితే మరీ మంచిది. రేపు ఆపరేషన్ అంటే పిల్లల సంతకం కోసం ఎదురు చూడకుండా ఆమె నిర్ణయం తీసుకోగలగాలి. పిల్లలకు వేరే ఆస్తి నేరుగా రాయండి. జీవితకాల హక్కే పెట్టాలనుకుంటే ఆ ఒక్క వాక్యాన్ని వకీలు చేత రాయించండి.

ఇంకొన్ని:

- ప్రతి ఆస్తికీ ప్రత్యామ్నాయం పెట్టండి: "నాకంటే ముందు నా కుమారుడు మరణిస్తే, ఆ ఆస్తి అతని పిల్లలకు సమానంగా."
- చివర "ఇందులో ప్రస్తావించని, ఇకపై నాకు సంక్రమించే ఆస్తులన్నీ ఫలానా వారికి" అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే రాశాక కొన్న స్థలానికి వీలునామా లేనట్టే.
- ఒక బిడ్డకు తక్కువ ఇస్తుంటే, అసలు ఇవ్వకపోతే, కారణం రెండు వాక్యాల్లో చెప్పండి: "చదువుకు, ఇంటి కొనుగోలుకు ఇదివరకే ఇచ్చాను." తిట్లు, నిందలు వద్దు. కారణం లేకుండా బిడ్డను వదిలేయడాన్ని కోర్టులు అనుమానంగా చూస్తాయి.
- మైనరు పిల్లలుంటే వారి వాటాను ఎవరు చూడాలో పేరు పెట్టండి.
- లోను ఉన్న ఫ్లాటు ఇస్తుంటే, మిగిలిన లోను ఎవరు కట్టాలో రాయండి.

బతికుండగానే ఇచ్చేయాలనిపిస్తే సెటిల్మెంట్ దస్తావేజు ఉంది. దానికి స్టాంపు డ్యూటీ ఉంటుంది, హక్కు వెంటనే పోతుంది, ఇష్టం మారితే వెనక్కి తీసుకోవడం కష్టం. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, వారు చూసుకోకపోతే రద్దు కోరవచ్చు. అందుకే ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. ఉండే ఒక్క ఇల్లూ ఇలా ఇచ్చేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

5. అమలు చేసే వ్యక్తిని ఎంచుకోండి

ఎగ్జిక్యూటర్‌గా ఒకరి పేరు పెట్టండి. మీకంటే చిన్నవారు, ఇక్కడే ఉండేవారు, ఆఫీసుల చుట్టూ తిరగగలిగినవారు కావాలి. పిల్లలంతా అమెరికాలో ఉన్న ఇళ్లలో తమ్ముడి కొడుకో, మేనల్లుడో నయం. ఆస్తి పొందేవారే ఎగ్జిక్యూటర్‌గా ఉన్నా తప్పు లేదు. ముందు వారిని అడిగి ఒప్పించండి.

"మా అబ్బాయికి జీపీఏ ఇచ్చాను, చాలదా?" అని అడుగుతుంటారు. జీపీఏ అంటే మీ తరఫున పనులు చేయడానికి రాసిచ్చే అధికార పత్రం. ఇచ్చిన మనిషి మరణంతో ఆ జీపీఏ అధికారం ముగిసిపోతుంది. ఆ తర్వాత దానితో అమ్మితే చెల్లదు.

6. రాయండి

మీరు చదవగలిగే భాషలోనే రాయండి. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దాయన పేరున ఇంగ్లిషులో టైపు చేసిన వీలునామా బయటికొస్తే మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. చేతిరాత అయినా టైపింగ్ అయినా సరే. ఇంత ఉంటే చాలు:

"ఫలానా తేదీన, గుంటూరు కొరిటెపాడులో నివసించే, ఫలానా వారి కుమారుడు, 68 సంవత్సరాల ఫలానా నేను, స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను. నా జీవితకాలంలో ఆస్తులపై సర్వహక్కులూ నావే. నా తదనంతరం ఈ కింది విధంగా చెందాలి."

తర్వాత కుటుంబ సభ్యుల పేర్లు, ఎవరికి ఏది, మిగిలిన ఆస్తుల వాక్యం, ఎగ్జిక్యూటర్ పేరు, చివర షెడ్యూలు. షెడ్యూలు ఇలా ఉండాలి: "గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, ఎ. 1-50 సెంట్లు. తూర్పు: డొంక. దక్షిణం: ఫలానా వారి పొలం. పడమర: పంట కాలువ. ఉత్తరం: ఫలానా వారి పొలం." హద్దులు పాత దస్తావేజు చూసి రాయండి, పొరుగు పొలం చేతులు మారి ఉంటే ఇప్పటి పేరు కూడా చేర్చండి. "చెరువు దగ్గర పొలం" అంటే మీకు తెలుసు, రికార్డుకు తెలియదు.

7. సంతకాలు, సాక్షులు: ఇక్కడ తొందర వద్దు

భారత వారసత్వ చట్టం, 1925, సెక్షన్ 63 అడిగేది ఇది: రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం పెట్టడాన్ని ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి. ప్రతి సాక్షీ ఆయన ఎదుటే సంతకం చేయాలి.

దీన్ని కోర్టు బోనులోంచి చూడండి. పదిహేనేళ్ల తర్వాత సాక్షిని అవతలి వకీలు అడుగుతాడు: "ఎవరి ఇంట్లో జరిగిందండీ? మొదట సంతకం పెట్టింది పెద్దాయనా, మీరా? రెండో సాక్షి అప్పుడు గదిలో ఉన్నారా? ఎవరు కబురు పెడితే వెళ్లారు?" సాక్షి "కాగితం మా ఇంటికి తెచ్చారు, సంతకం పెట్టి పంపాను" అంటే, వీలునామా అక్కడే కూలిపోతుంది. నిజంగా జరిగినదాన్ని తడబడకుండా చెప్పగలిగేలా, అందరూ ఒకే చోట, ఒకేసారి కూర్చుని పూర్తి చేయండి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం పట్టుబట్టదు, అయినా అలాగే చేయండి.

సంతకాల రోజు చెక్‌లిస్టు:

- సాక్షులు ఆస్తి పొందేవారు కాకూడదు, వారి భార్యాభర్తలూ కాకూడదు
- మీకంటే వయసులో చిన్నవారు, ఊళ్లో స్థిరంగా ఉండేవారు, మిమ్మల్ని బాగా ఎరిగినవారు
- ప్రతి పేజీ కింద మీ సంతకం, పేజీ నంబరు; చివర తేదీ, చోటు
- సాక్షుల పూర్తి పేరు, చిరునామా, "మా ఎదుట సంతకం చేశారు, వారి ఎదుట మేము సంతకం చేశాము" అన్న వాక్యం
- కొట్టివేతలు, ఖాళీలు ఉండకూడదు. తప్పు పడితే ఆ పేజీ మళ్లీ రాయండి
- చదువు రానివారైతే ఎవరు చదివి వినిపించారో వారి పేరు, సంతకం
- వయసు ఎక్కువైతే, ఆరోగ్యం బాగోకపోతే, అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్

ఎక్కువ వాటా వచ్చే బిడ్డ ఆ రోజు అక్కడ ఉండకపోవడం మంచిది. ముసాయిదా రాయించింది, సాక్షుల్ని తెచ్చింది, ఆఫీసుకు తీసుకెళ్లింది అన్నీ ఆ బిడ్డే అయితే, లాభపడేవాడే ముందుండి నడిపించాడన్న అనుమానం వస్తుంది. ఇలాంటి అనుమానాలను తొలగించే బాధ్యత వీలునామా చూపించేవారిదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది.

దస్తావేజు లేఖరి సంతకం సాక్షి సంతకం కిందికి తనంతట రాదు. నోటరీ ముద్ర కూడా ఇద్దరు సాక్షులకు బదులు కాదు.

8. రిజిస్ట్రేషన్ చేయించాలా?

చేయించమనే చెబుతాను. ఖర్చు తక్కువ, కాగితం పోయినా నకలు దొరుకుతుంది, సంతకం నాది కాదన్న వాదన బలహీనపడుతుంది. పటమట అయినా నల్లపాడు అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మీరు, ఇద్దరు సాక్షులు, ఆధార్, ఫొటోలతో వెళ్లాలి. కదల్లేనివారి కోసం ఇంటికి రమ్మని దరఖాస్తు పెట్టుకునే వీలుంది.

వీలునామా వేరే పుస్తకంలో నమోదవుతుంది, ఈసీలో కనిపించదు. మీరు బతికుండగా నకలు మీకో, మీ ప్రతినిధికో తప్ప ఇతరులకు ఇవ్వరు. పిల్లలకు ముందే తెలిసిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. పూర్తి రహస్యం కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేసే పద్ధతీ ఉంది.

రిజిస్టరైనంత మాత్రాన సాక్షుల అవసరం తీరదు. వివాదం వస్తే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాల్సిందే.

9. నామినీలను సరిచూడండి

సాధారణంగా నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు అప్పగించాల్సిన వ్యక్తి, యజమాని కాదు. షేర్ల విషయంలోనూ 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వారి స్థానం మరింత బలపడింది. వీలునామాలో ఒకరు, నామినీగా ఇంకొకరు ఉంటే గొడవ ఖాయం. రెండూ ఒకటి చేసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను, ఎవరికి ఎంత శాతమో కూడా పెట్టుకోవచ్చు.

10. మార్చాలంటే

పాత కాగితం మీద కొట్టి రాయవద్దు. చిన్న మార్పుకు అనుబంధ వీలునామా రాయవచ్చు, దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. మార్పులు ఎక్కువైతే మొత్తం కొత్తగా రాయడమే తేలిక. చివరిదే చెల్లుతుంది. రిజిస్టరైన పాతదాన్ని రిజిస్టరు కాని కొత్తది కూడా రద్దు చేయగలదు. అయినా మొదటిది రిజిస్టరు చేస్తే రెండోదీ చేయండి, పేచీ తగ్గుతుంది.

పొలం అమ్మినా కొన్నా, పెళ్లి, విడాకులు, మరణం జరిగినా, సాక్షి చనిపోయినా ఒకసారి తీసి చదవండి.

11. తర్వాత కుటుంబం చేయాల్సింది

అసలు కాగితం ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కు చెప్పి ఉంచండి. ఒక్కరి పేరున ఉన్న లాకరులో పెట్టకండి. లాకరు తెరవడానికే వీలునామా కావాల్సిన పరిస్థితి వస్తుంది.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలోని ఆస్తులకు వీలునామా మీద ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు. కుటుంబం ఈ వరసలో నడవాలి:

- మరణ ధ్రువీకరణ పత్రం, కనీసం అరడజను నకళ్లు
- ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్
- వీలునామా అసలు, లేదా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు
- పొలాలకు సచివాలయం లేదా మీసేవ ద్వారా మ్యుటేషన్ దరఖాస్తు. ఇళ్లకు కార్పొరేషన్‌లో పన్ను రికార్డులో పేరు మార్పు
- బ్యాంకులు, బీమా, కరెంటు మీటరు

మ్యుటేషన్‌తో రికార్డులో పేరు మారుతుందే గానీ హక్కు తేలదు. వారసుల్లో ఎవరైనా అభ్యంతరం పెడితే తేల్చాల్సింది సివిల్ కోర్టు. అలాంటప్పుడు అసలు కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా భద్రం చేయండి, ఇద్దరు సాక్షులు ఎక్కడున్నారో కనుక్కోండి, వారి ఆరోగ్యం బాగున్నప్పుడే వకీలును కలవండి.